వేళ్లను తప్పు పట్టే ముందు గిటార్‌ను సెటప్ చేయించండి

సంపాదకులు గారికి,

పరీక్షలు అయిపోగానే విజయవాడలోనూ గుంటూరులోనూ గిటార్ క్లాసుల్లో చేరే పిల్లలు పెరుగుతారు. అందులో ఎలక్ట్రిక్ గిటారే కావాలని పట్టుబట్టేవాళ్లు ఇప్పుడు చాలామంది. కొన్న రెండు మూడు నెలలకే ఆ గిటార్ బీరువా పక్కకు చేరుతుంది. 'మావాడికి వేళ్లు తిరగడం లేదండీ' అని తల్లిదండ్రులు సరిపెట్టుకుంటారు. గిటార్ నేర్పేవాళ్లుగా, రిపేరు చేసేవాళ్లుగా మేము గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటుంది. ఆ పిల్లల్లో చాలామంది వేళ్లకు ఏ లోపమూ లేదు. అట్టపెట్టెలోంచి తీసిన గిటార్‌ను తీసినట్టే చేతికిచ్చారు, ఎవరూ దాన్ని సెటప్ చెయ్యలేదు, అంటే తీగలు సుళువుగా నొక్కుకునేలా, శ్రుతి కుదిరేలా సర్దలేదు.

'ముందు అకౌస్టిక్ మీద నేర్చుకో, వేళ్లు గట్టిపడ్డాక ఎలక్ట్రిక్ కొందాం' అనే మాట చాలా ఇళ్లలో వింటాం. అకౌస్టిక్ అంటే కరెంటు అక్కర్లేని మామూలు గిటార్. అలా ఆగక్కర్లేదు. ఎలక్ట్రిక్ గిటార్‌కు మామూలుగా వేసే 9–42 సెట్‌లో అన్నిటికంటే సన్న తీగ మందం అంగుళంలో వెయ్యింట తొమ్మిది వంతులు. అకౌస్టిక్‌కు ఎక్కువగా వేసేది 12–53 సెట్. శ్రుతి చేశాక ఎలక్ట్రిక్ తీగల మొత్తం బిగువు అకౌస్టిక్ తీగల బిగువులో దాదాపు సగమే ఉంటుంది. చిన్న చేతులకు నిజానికి ఇదే సుళువు. అయితే ఆ సుళువు గిటార్ సరిగ్గా సర్ది ఉన్నప్పుడే తెలుస్తుంది.

సెటప్‌లో వరుస ముఖ్యం. కొత్త తీగలు వేసి శ్రుతి చేశాక మొదట చూడాల్సింది నెక్ వంపు. నెక్ అంటే గిటార్ పొడవాటి మెడ, దాని మీద అడ్డంగా ఉండే సన్న లోహపు కడ్డీలే ఫ్రెట్‌లు. లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, చివరి ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కి పట్టండి. ఏడో ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య పావు మిల్లీమీటరు సందు, అంటే ఒక పలచటి విజిటింగ్ కార్డు దూరేంత ఉండాలి. అంతకంటే ఎక్కువుంటే నెక్ లోపల ఉండి వంపును సర్దే లోహపు కడ్డీ, అంటే ట్రస్ రాడ్‌ను అలెన్ కీతో గడియారం ముల్లు తిరిగే దిక్కున బిగించాలి. సందే లేకపోతే ఎదురు దిక్కుకు తిప్పి వదులు చెయ్యాలి. ఒక్కో విడతకు పావు చుట్టు మించకూడదు. తిప్పిన ప్రతిసారీ మళ్లీ శ్రుతి చేసి మళ్లీ కొలవాలి. కీ గట్టిగా మొరాయిస్తే అక్కడితో ఆపి తెలిసినవాళ్లకు చూపించండి. రాడ్ విరిగితే ఫ్రెట్‌బోర్డు ఊడదీసి మార్చాలి, చవక గిటార్‌కు ఆ ఖర్చు గిట్టదు.

తర్వాత తీగల ఎత్తు. సున్నా సరిగ్గా అంచు నుంచి మొదలయ్యే స్టీలు స్కేలు తీసుకోండి. కొన్ని స్కేళ్లకు ముందు కొంత ఖాళీ ఉంటుంది, అవి పనికిరావు. 12వ ఫ్రెట్ మీద దాన్ని నిలబెట్టి, ఫ్రెట్ పైభాగం నుంచి తీగ అడుగు దాకా చూడండి. లావు తీగకు 2 మిల్లీమీటర్లు, సన్న తీగకు ఒకటిన్నర మిల్లీమీటరు ఉంటే నేర్చుకునే పిల్లలకు హాయిగా ఉంటుంది. 3 మిల్లీమీటర్లుంటే ఎంత సాధన చేసినా వేలు నొప్పే మిగులుతుంది. తీగలు గిటార్ ఒంటికి ఆనే చోట ఉండే బ్రిడ్జి మీద ఒక్కో తీగ కింద ఉండే శాడిల్‌కు రెండు చిన్న అలెన్ స్క్రూలుంటాయి, వాటితోనే ఎత్తు దించాలి. కొన్ని గిటార్లలో బ్రిడ్జి రెండు చివర్ల ఉన్న పెద్ద స్క్రూలతో మొత్తం బ్రిడ్జినే దించుతారు. మరీ దించేస్తే తీగ ఫ్రెట్‌లకు తగిలి గరగరమంటుంది. ఆ గరగర ఎక్కడ వస్తుందో వింటే కారణం చాలావరకు దొరుకుతుంది: మొదటి నాలుగైదు ఫ్రెట్‌లలోనే వస్తే నెక్ వంపు చాలలేదు, 12 దాటాక వస్తే తీగలు మరీ కిందికి ఉన్నాయి.

నెక్ పైచివర తీగలు ఆనే గాళ్ల పట్టీని నట్ అంటారు, దాని సంగతి చాలామంది పట్టించుకోరు. తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి మొదటి ఫ్రెట్ మీద చూస్తే వెంట్రుకవాసి సందు మాత్రమే కనిపించాలి. నట్ గాడి పైకి ఉంటే మొదటి ఫ్రెట్ దగ్గర పట్టే ఎఫ్ కార్డ్ (కార్డ్ అంటే కలిపి పలికించే స్వరాల గుంపు) ప్రాణం తీస్తుంది. పైగా నొక్కిన స్వరం శ్రుతి పైకి పోతుంది. ఈ గాడిని అరగదీసే పని మాత్రం ఇంట్లో వద్దు. ఒక్క గీత ఎక్కువ పడితే నట్టే మార్చాలి.

చివరగా ఇంటొనేషన్, అంటే నెక్ పొడవునా ఎక్కడ నొక్కినా స్వరం శ్రుతిగా పలకడం. తీగను ఎక్కడా నొక్కకుండా మీటి, శ్రుతి చూపే ట్యూనర్‌తో కచ్చితంగా శ్రుతి చెయ్యండి. 12వ ఫ్రెట్ దగ్గర మామూలు బలంతో నొక్కి మళ్లీ మీటండి. పై స్థాయిలో అదే స్వరం పలకాలి. ట్యూనర్ ముల్లు ఎక్కువ చూపిస్తే శాడిల్‌ను వెనక్కి, అంటే నెక్‌కు దూరంగా జరపాలి, తక్కువ చూపిస్తే నెక్ వైపుకు. ఆరు తీగలకూ విడివిడిగా చెయ్యాలి. పాత తుప్పు తీగల మీద ఈ పని వృథా.

శ్రుతి గురించి. లావు తీగ నుంచి సన్న తీగకు ఇ, ఎ, డి, జి, బి, ఇ. రోజూ వాయించే ముందు ఫోన్ యాప్‌తోనైనా, నెక్ చివర తగిలించే క్లిప్ ట్యూనర్‌తోనైనా చూసుకోవాలి. వీధి రణగొణ ఎక్కువున్న ఇళ్లలో క్లిప్ ట్యూనర్ నయం, అది మైకుతో కాకుండా కొయ్య కంపనంతో పనిచేస్తుంది. తీగ శ్రుతి దాటి పైకి పోతే బాగా కిందికి దించి, మళ్లీ కింది నుంచి పైకే తేవాలి. లేకపోతే తీగ బిగించే కీలో మిగిలిన వదులు కాసేపటికి శ్రుతి దించేస్తుంది. తిప్పుతున్నప్పుడు నట్ దగ్గర 'టిక్' మని వినిపిస్తే తీగ గాడిలో ఇరుక్కుంటోందని అర్థం. తీగ పక్కకు తీసి పెన్సిల్ ముక్కు గాడిలో రుద్దితే చాలు, ఆ నల్ల పొడే తీగను జారనిస్తుంది. కొత్త తీగలు వేసిన రోజు ఒక్కోదాన్ని మెల్లగా పైకి లాగి వదిలి, మళ్లీ శ్రుతి చేసి, అది దిగడం మానేదాకా అలా చెయ్యాలి. ఇది చెయ్యకనే 'కొత్త తీగలు నిలబడటం లేదు' అనే ఫిర్యాదు వస్తుంది.

మొదటి గిటార్‌కు కదలని బ్రిడ్జి ఉన్నదే తీసుకోమంటాం. అటూ ఇటూ ఊగే ట్రెమొలో బ్రిడ్జిలో తీగల లాగుడునూ వెనక స్ప్రింగుల లాగుడునూ సరితూచి నిలబెడతారు. ఒక తీగ బిగిస్తే మిగతా అయిదూ కాస్త దిగుతాయి, ఒకటి తెగితే అన్నీ పైకి పోతాయి. తాళాలు వేసే రకమైతే తీగ మార్చడమే ఒక పూట పని. ఇప్పటికే ట్రెమొలో గిటార్ కొన్నవాళ్లు వెనక మూత తీసి, బ్రిడ్జి చెక్కకు ఆనేదాకా స్ప్రింగు స్క్రూలు బిగిస్తే ఈ తంటా చాలావరకు పోతుంది.

మన వేసవి కూడా లెక్కలోకి వస్తుంది. వేడికి తీగ సాగి శ్రుతి దిగుతుంది, ఏసీ గదిలోకి తెస్తే ఎక్కుతుంది. అందుకని ఏసీ వేసిన పావుగంట తర్వాతే శ్రుతి చెయ్యండి. ఎండలో నిలిపిన కారులో గిటార్ వదలొద్దు. వాయించడం అయ్యాక పొడి నూలు గుడ్డతో తీగల పైనా కిందా తుడవండి. చెమట ఉప్పుకు తీగలు తుప్పు పట్టేది ఎక్కువగా అడుగువైపే. కాలం మారినప్పుడల్లా నెక్ వంపు ఒకసారి చూసుకోవాలి.

ఇక కరెంటు. దీని గురించి ఎవరూ హెచ్చరించరు, మాకు అన్నిటికంటే ఆందోళన కలిగించేదీ ఇదే. గిటార్ తీగలు బ్రిడ్జి ద్వారా, కేబుల్ పై అల్లిక ద్వారా ఆంప్లిఫయర్ లోహపు చట్రానికి కలిసి ఉంటాయి. ఆ చట్రం గోడలోని ఎర్త్‌కు కలవాలి. ఇంట్లో ఎర్త్ లేకపోయినా, మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టడానికి పెద్ద పిన్ను విరిచేసినా, ఆంప్‌లో చిన్న లోపం వస్తే కరెంటు నేరుగా తీగల మీదికే వస్తుంది. తీగ తాకితే చెయ్యి జివ్వుమంటే ఆ క్షణమే ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. సాకెట్‌లో ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య మల్టీమీటర్ దాదాపు 230 వోల్టులు చూపాలి, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య సున్నాకు దగ్గరగా ఉండాలి. ఇంటికి, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ పెట్టించుకోవడం ఎలాగూ మంచిదే. వినాయక చవితి పందిళ్లలోనూ చర్చి వేదికల మీదా వాయించే పిల్లలకు ఇంకో జాగ్రత్త ఉంది. గిటార్ ఆంప్ ఒక బోర్డు నుంచి, మైకు సెట్టు ఇంకో బోర్డు నుంచి తీస్తే రెంటి ఎర్త్ వేరై, తీగ పట్టుకుని పాడేవాళ్లకు పెదవి మైకుకు తగిలినప్పుడు షాక్ కొట్టవచ్చు. పాడే ముందు తీగకూ మైకు జాలీకీ మధ్య మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టి చూడండి, సున్నాకు దగ్గరగా లేకపోతే వాయించొద్దు.

ప్రమాదం లేని గుయ్యిమనే చప్పుడు వేరు. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వేల చుట్ల సన్న రాగి తీగ. స్టీలు తీగ కదలికతో పాటు ఇంట్లోని 50 హెర్ట్‌జ్ కరెంటు అలికిడినీ అది పట్టేస్తుంది. ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్, నాసిరకం ఎల్ఈడీ దీపాలు, స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ దీనికి పెద్ద కారణాలు. ఫ్యాన్‌ను పూర్తి వేగంలో పెట్టి, కూర్చున్న దిక్కు మార్చి చూడండి. రెండు చుట్లను ఎదురెదురుగా కలిపిన హంబకర్ పికప్‌లో ఈ గోల చాలా తక్కువ. 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ దాన్ని తయారుచేసిందే ఇందుకోసం.

ఇంట్లో సాధనకు 10 నుంచి 15 వాట్ల ఆంప్ ధారాళం. హెడ్‌ఫోన్ జాక్ ఉన్నది చూసుకుంటే అపార్ట్‌మెంటులో గొడవ ఉండదు. గిటార్‌ను నేరుగా హోమ్ థియేటర్‌కు తగిలిస్తే శబ్దం మూగగా వస్తుంది, ఎందుకంటే పికప్‌కు ఒక మెగాఓమ్ దరిదాపు నిరోధం ఉన్న ఇన్‌పుట్ కావాలి. మొదటి నెలల్లో గెయిన్ (శబ్దాన్ని గరుకుగా మార్చే నాబ్) బాగా తగ్గించి, బేస్, మిడ్, ట్రెబుల్ మూడూ సగంలో పెట్టండి. గెయిన్ పెంచితే తప్పులు కప్పుకుపోతాయి, పిల్లలకు అవి వినపడవు.

సాధనలో మేము పట్టుబట్టేవి కొన్నే. వేలు ఫ్రెట్‌ను ఆనుకుని కాస్త వెనక పడాలి. రెండు ఫ్రెట్‌ల నడిమధ్య పడితే రెట్టింపు బలం కావాలి, అయినా గరగర పోదు. ఎంత బలం చాలో తెలియాలంటే తీగ మీద వేలు ఊరికే ఆనించి మీటుతూ, స్వరం శుభ్రంగా పలికేదాకా మెల్లగా నొక్కండి. పలికిన చోటే ఆగండి. ఎలక్ట్రిక్‌లో అసలు కష్టం వాయించని తీగలను ఊరుకోబెట్టడం. కుడి అరచేతి అంచు లావు తీగల మీద, ఎడమ చూపుడు వేలి అడుగు సన్న తీగల మీద తేలిగ్గా ఆనాలి. కార్డులు మారేటప్పుడు రెంటికీ ఉమ్మడిగా ఉన్న వేలిని లేపకూడదు. సి నుంచి ఎ మైనర్‌కు వెళ్తే కదిలేది ఉంగరం వేలొక్కటే.

లయకు మన సరళీ స్వరాల పద్ధతి చక్కగా సరిపోతుంది. లయ దెబ్బలు వినిపించే మెట్రొనోమ్ నిమిషానికి 60 మీద పెట్టి దెబ్బకో స్వరం, తర్వాత రెండు, తర్వాత నాలుగు. తీగ మీటే పిక్ ఒకసారి కిందికి, ఒకసారి పైకి మారుతూ పోవాలి. పిక్ 0.7 మిల్లీమీటర్ల మందం ఉంటే మొదట్లో చేతికి లొంగుతుంది. గమకం తెలిసిన ఇళ్లలో పిల్లలకు తీగ లాగడం త్వరగా పట్టుబడుతుంది. పాలకొల్లులో పుట్టిన యు.శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని ప్రపంచానికి వినిపించిన నేల ఇది. లాగేటప్పుడు రెండు ఫ్రెట్‌ల అవతలి స్వరం ముందు వాయించి, చెవిలో పెట్టుకుని, అక్కడిదాకా లాగాలి. ఉంగరం వేలి వెనక మిగతా రెండు వేళ్లూ కలిసి తొయ్యాలి. వేళ్ల కొసలు నొప్పెట్టే మొదటి వారాల్లో గంట ఏకబిగిన వద్దు, పదిహేనేసి నిమిషాలు మూడు విడతలు చాలు.

రెండు నగరాల సంగీత వాద్యాల దుకాణదారులకు మీ పత్రిక ద్వారా మా మనవి: గిటార్ ఇచ్చే ముందు సెటప్ చేసి ఇవ్వండి, దానికి రుసుము వేరుగా తీసుకున్నా తప్పు లేదు. ఇరవై వేలు చేతిలో పెట్టుకుని వచ్చిన తల్లిదండ్రులకు శబ్దం మార్చే ఖరీదైన పెడల్ అంటగట్టకుండా ఆ డబ్బును గిటార్, చిన్న ఆంప్, మంచి కేబుల్, ట్యూనర్, అదనపు తీగల సెట్టు, సెటప్ కూలీ మధ్య సర్దండి. కొనేవాళ్లు బిల్లు కట్టకముందే అన్ని ఫ్రెట్‌ల మీదా ప్రతి తీగా మీటించి వినాలి, వాల్యూమ్ నాబ్ తిప్పించి గరగర లేదని చూసుకోవాలి.

ఇట్లు,
గిటార్ నేర్పేవాళ్లం, రిపేరు చేసేవాళ్లం కొందరం,
విజయవాడ, గుంటూరు