బ్యాంకు గేటు దగ్గరి పెద్దాయనకు దండాలు

ఈరోజు, 2024 నవంబర్ 27న, పొద్దున ఏడున్నరకు లెబనాన్‌లో ఇజ్రాయెల్, హిజ్బుల్లాల మధ్య కాల్పులు ఆగాయి. అక్కడప్పుడు తెల్లవారుజామున నాలుగు. తొమ్మిదింటికి మా ఆయన ఫోన్ చేసి, "ఈ రాత్రి బూట్లు విప్పి పడుకుంటా" అన్నారు. ఆ మాటకు వంటింట్లోనే కూలబడి ఏడ్చాను. రెండు నెలలుగా సరైన నిద్ర లేదు, తప్పులుంటే మన్నించండి.

ఐక్యరాజ్యసమితి శాంతి దళంలో ఉండే మన బెటాలియన్‌తో ఆయన దక్షిణ లెబనాన్ వెళ్ళింది సెప్టెంబర్ మొదట్లో. 1998 నుంచి మనవాళ్ళు అక్కడ ఉంటున్నారు, ఈయనా అలాగే వెళ్ళి వస్తారనుకున్నాం. నెల తిరగకముందే యుద్ధం ముదిరింది. రాత్రంతా నెత్తిన డ్రోన్ల రొద, మాటిమాటికీ బంకర్‌లోకి పరుగు. మొదట్లో అన్నం గొంతు దిగలేదట. పోయే గుండు చప్పుడేదో, వచ్చే గుండు చప్పుడేదో పదిహేను రోజుల్లో చెవికి తెలిసిపోయిందట. అన్నిటికంటే కష్టం, చేతిలో తుపాకీ ఉన్నా ఇద్దరి మధ్య నిలబడి చూసింది రాసుకోవడమే డ్యూటీ కావడం. "ఒలీవ కాయలు కోసేవాళ్ళు లేక చెట్లకే ఉన్నాయి" అని ఒకరోజు చాలాసేపు చెప్పారు. మాది తోతాపురి మామిడి తోటలున్న ఇల్లు. కోత ఆగితే ఎట్లుంటుందో ఆయనకు తెలుసు.

అక్టోబర్ 10న శాంతి సైనికులపై దాడి, ఇద్దరికి గాయాలు అని టీవీలో వచ్చింది. ఏ దేశంవాళ్ళో చెప్పకుండా అదే బొమ్మ తిప్పితిప్పి చూపించారు. ఈయన ఫోన్ కలవలేదు. తిరుపతి అంతా బ్రహ్మోత్సవాల జనం, మా ఇంట్లో దసరా దీపం కూడా పెట్టలేదు.

ఆ తర్వాతి సోమవారం బ్యాంకుకు వెళ్ళాను. ఇద్దరి పేరునా ఉన్న ఖాతాలో నా ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తిగా. సరిచేయాలంటే ఆయనే వచ్చి సంతకం పెట్టాలన్నారు. యుద్ధంలో ఉన్నారని చెబితే, "రూల్ అంతేనమ్మా" అన్నారు. అంతకుముందు వేరే ఆఫీసులో ఇదే కాగితానికి మూడుసార్లు తిప్పారు. దేశం కోసం పంపించిన మనిషి ఇంటికి ఒక్క సంతకం దగ్గర దారి చూపించేవాళ్ళు లేకపోతే ఎట్లా?

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను. గేటు దగ్గర తుపాకీతో ఉండే గార్డు పెద్దాయన దగ్గరికొచ్చి, "ఏడవాకమ్మా, ఏ ఊళ్ళో ఉండాడు?" అని అడిగారు. చెప్పాను. విత్‌డ్రాయల్ ఫారం ఒకటి తెచ్చి, వెనకవైపు పెన్నుతో గీత గీశారు. "ఇది సముద్రం. దెబ్బ తగిలింది ఈడ, నాకూరాలో. ఆ ఇద్దరూ ఇండోనేషియా పిల్లోళ్ళు. మీ ఆయన ఉండేది ఈ తూర్పున, కొండలకాడ. మన తిరుపతికీ చిత్తూరికీ ఉన్నంత ఎడం." నాలుగు రోజుల్లో నాకు అర్థమయ్యేలా ఒక మాట చెప్పింది ఆయనొక్కరే.

1987లో ఆయన మన దేశం పంపిన శాంతి సేనతో శ్రీలంకలోని జాఫ్నా వెళ్ళారట. శ్రీలంకలో మొత్తం దాదాపు 1,200 మంది మనవాళ్ళు పోయారు. "నలభై రోజులు నా జాబు ఇంటికి చేరలా. నా భార్యకు చెప్పేవాళ్ళు ఎవురూ లేరు. ఇప్పటికీ ఆ నలభై రోజుల గురించి అడుగుతానే ఉంటాది. అందుకే నీకు చెప్తా ఉండా" అన్నారు. అక్కడే చేతులు జోడించాను.

మంగళవారం రాత్రి మా ఆయన ఫోన్ వచ్చింది. ఆ తర్వాత కూడా పెద్దాయన రోజూ సాయంత్రం ఏడింటికి ఫోన్ చేసి, పేపర్లో చూసింది చెప్పి, "తిన్నావా తల్లీ" అని అడిగి పెట్టేసేవారు. ఒక్కరోజూ తప్పలేదు. ఆ ఫారం నా ఫోన్ కవర్‌లోనే ఉంది, మడతల దగ్గర చిరుగుతోంది.

అత్తమ్మ, అమ్మ, తమ్ముడు అండగా ఉన్నారు, వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

పెద్దాయన దగ్గర ఉన్నది బటన్ల ఫోనే. రేపు బ్యాంకుకు వెళ్ళి ఇదంతా చదివి వినిపిస్తాను.

అయ్యో, పాపను రోజూ ఇంటి గుమ్మం దాకా దింపిన స్కూల్ ఆటో అన్నను మరిచిపోయాను. అడగకుండానే పెరుగు గిన్నె పెట్టి వెళ్ళిన పైవాటా అక్కను కూడా. అక్కా, నీ గిన్నెలు రెండు మా ఇంట్లోనే ఉన్నాయి, రేపు పంపిస్తాను.