మెత్త మారితే శబ్దం మారింది: మీ హెడ్‌ఫోన్లపై ఫిర్యాదు

బరంపురం,
గంజాం జిల్లా, ఒడిశా.

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: ప్రకటనలో చెప్పిన సౌకర్యం, శబ్ద నాణ్యత రెండూ ఏకకాలంలో అందని హెడ్‌ఫోన్లకు సొమ్ము వాపసు కోరుతూ.

ఆర్యా,

మీ సంస్థ సొంత వెబ్‌సైటులో నేను కొన్న, చెవిని పూర్తిగా కప్పే వైరు హెడ్‌ఫోన్ల గురించి ఈ లేఖ రాస్తున్నాను. రసీదు, మీ కస్టమర్ కేర్ వారితో జరిగిన ఈమెయిళ్లు జతపరిచాను. గంటల తరబడి పెట్టుకున్నా ఇబ్బంది ఉండదనీ, మంద్రస్థాయి నిండుగా వినిపిస్తుందనీ మీ పేజీలో పక్కపక్కనే రాసి ఉన్నందువల్లే, ధర కాస్త ఎక్కువైనా వీటిని ఎంచుకున్నాను.

పాత కచేరీల క్యాసెట్లను కంప్యూటరులోకి ఎక్కించి, వాటిలోని బుసను తగ్గించి, శబ్దం సరిచేయడం నా పని. గోపాల్‌పూర్ తీరం మాకు పట్టుమని ఇరవై కిలోమీటర్లు లేదు. ఫాల్గుణం దాటితే చాలు, ఉక్కపోత మొదలవుతుంది. ఫ్యాను లేకుండా గదిలో కూర్చోలేము, తిరిగితే దాని హోరు పనికి అడ్డం. వెనుక జాలీ ఉన్న రకం హెడ్‌ఫోన్లు చెవికి చల్లగా ఉంటాయని తెలిసినా, ఆ హోరు లోపలికి వస్తుంది కాబట్టి మూసి ఉన్న రకమే తీసుకోవలసి వచ్చింది.

ఇబ్బంది కళ్లజోడుతో మొదలైంది. మీ రెక్సిన్ మెత్త చెవి చుట్టూ గాలి చొరకుండా అతుక్కుంటేనే కింది స్వరాలు నిండుగా పలుకుతాయి. కళ్లజోడు కాడ మెత్తను కొద్దిగా ఎత్తి పట్టుకోగానే ఆ సందులోంచి మంద్రస్థాయి జారిపోతుంది. మృదంగంలో కుడివైపు పలికే చాపు అనే దెబ్బ స్పష్టంగానే ఉంటుంది. ఎడమవైపు పలికే గుంకీ అనే మంద్ర నాదం మాత్రం దూరపు గదిలో ఎవరో తలుపు తట్టినట్టు వినిపిస్తుంది. కళ్లజోడు తీసి చూస్తే గుంకీ తిరిగి వస్తుంది, కంప్యూటరు తెర మీది అక్షరాలు మాయమవుతాయి. మెత్త బాగా ఆనాలని పట్టీని ఒక మెట్టు తగ్గిస్తే, కాడలు కణతలకు నొక్కుకుని, కొద్దిసేపటికే చెవి పైభాగం కందిపోతుంది. కళ్లజోడు పెట్టుకునేవారు ఈ దేశంలో కోట్లలో ఉండగా, మీ పరీక్షల్లో అలాంటి తల ఒక్కటైనా లేకపోయిందా అన్నది నా మొదటి ప్రశ్న.

ఈ సంగతి రాస్తే మీ వారు ఒక్కో స్థాయిని విడిగా పెంచి తగ్గించే ఈక్వలైజరులో బేస్, అంటే మంద్రస్థాయి, పెంచుకోమన్నారు. సందు ఎప్పుడూ ఒకే కొలతలో ఉంటే ఆ సలహా కొంతైనా పనికి వచ్చేది. నేను తల పక్కకు తిప్పినా, నోరు కదిపినా మెత్త ఆనే తీరు మారుతుంది, దానితో పాటు బేస్ కూడా మారుతుంది. ఆ నిలకడ లేని శబ్దాన్ని ప్రమాణంగా పెట్టుకుని నేను ఒకరి వాద్యాన్ని ఎలా సరిచేయగలను?

చెమట గురించి మళ్లీ రాసినప్పుడు గాలి ఆడే బట్ట మెత్తలు ఉచితంగా పంపారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. చెవికి హాయిగానే ఉన్నాయి, ఒప్పుకుంటాను. కానీ గాలి ఆడే బట్టలోంచి మంద్రస్థాయి కూడా బయటికి పోతుంది. పైగా అవి పాతవాటికంటే పలచన కావడంతో చెవికీ, లోపల శబ్దం పుట్టించే డ్రైవరుకూ మధ్య దూరం తగ్గి, వయొలిన్ పైస్థాయిలో ఇంతకు ముందు లేని గీరుడు శబ్దం వచ్చింది. మెత్త మారితే శబ్దం మారుతుందన్న ముక్క మీ పెట్టెలో గానీ, మీ పేజీలో గానీ ఎక్కడా లేదు. ఈలోగా పాత రెక్సిన్ మెత్తలు చెమటకు, తేమకు పొట్టు రాలడం మొదలుపెట్టాయి. అరిగిపోయే భాగాలకు వారంటీ వర్తించదని వచ్చిన జవాబు చదివాక, ఏ ఊరి వాతావరణాన్ని దృష్టిలో పెట్టుకుని ఆ నిబంధన రాశారో అర్థం కాలేదు.

సర్వీస్ సెంటరుకు తీసుకెళ్లమన్న సూచన కూడా ఆచరణకు దూరం. మీరు చెప్పినది భువనేశ్వర్‌లో ఉంది. మాకు సుమారు 170 కిలోమీటర్లు. అక్కడ చేసేదల్లా అదే రకం మెత్తలు మార్చడమేనని ఫోనులో వారే చెప్పారు.

కాబట్టి హెడ్‌ఫోన్లను మీ ఖర్చుతో వెనక్కి తీసుకుని పూర్తి సొమ్ము వాపసు చేయవలసిందిగా కోరుతున్నాను. దానితో పాటు వాటి బరువు, పట్టీ బిగువు, మెత్తల పదార్థం, కళ్లజోడుతోనూ లేకుండానూ కొలిచి, ఏ స్థాయి ఎంత గట్టిగా పలుకుతుందో చూపే శబ్ద రేఖలు మీ పేజీలో ప్రకటించండి. కొనేవారు తమకు సుఖం ఎంత కావాలో, శబ్దం ఎంత కావాలో తామే తూచుకుంటారు.

2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెలలోగా పరిష్కరించవలసిన బాధ్యత మీది. ఆ గడువు దాటితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915లో నమోదు చేసి, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కల్పించిన వీలు మేరకు నేను నివసించే ఈ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు దాఖలు చేస్తాను. రెండు జతల మెత్తలూ సాక్ష్యంగా నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

ఇట్లు,
భవదీయుడు,
మీ కొనుగోలుదారు.

జతపరచినవి: రసీదు నకలు, ఈమెయిళ్ల ప్రతులు, పొట్టు రాలిన మెత్తల ఫొటోలు.