అడిగాక కాస్త ఆగు తల్లీ

బ్రాడీపేట, గుంటూరు
ఆదివారం రాత్రి

అమ్మలూ,

పొద్దున ఫోన్లో "అమ్మా, ఎనిమిదో తరగతిలో ఒక్కరూ నోరు విప్పట్లేదు, ప్రశ్న అడిగితే అందరూ తల దించుకుంటున్నారు, నాకు పాఠం చెప్పడం రాదేమో" అన్నావు చూడు, అప్పట్నుంచి నాకు వేరే ధ్యాసే లేదు. ఫోన్లో చెబితే సగం దాకా "ఊఁ" కొట్టి "సరేలే అమ్మా" అనేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నాను. 16,347 పోస్టుల మెగా డీఎస్సీలో రాత్రీపగలూ చదివి తెచ్చుకున్న ఉద్యోగం నీది. నెలైనా కాకుండానే రాదేమో అనుకుంటే ఎట్లా? నీకు చెప్పడం వచ్చు, నేను విన్నాను. అడిగి ఆగడం ఇంకా అలవాటు కాలేదు, అంతే. నాకు అది అలవాటవడానికి పదేళ్లు పట్టింది.

రేపు ఒక పని చెయ్యి. ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నావో నువ్వే గమనించు. మేరీ బడ్ రో అని అమెరికాలో ఒకావిడ 1970ల్లో క్లాసుల టేపులు విని ఇదే లెక్కగట్టింది. టీచర్లు ప్రశ్న అడిగాక ఆగుతున్నది సుమారు ఒక్క సెకను. ఆలోపు పిల్లవాడు చెప్పకపోతే పక్కవాణ్ణి అడగడమో, ప్రశ్న మార్చడమో, జవాబు తామే చెప్పెయ్యడమో చేస్తున్నారు. 3 సెకన్లకు పెంచి చూస్తే జవాబులు పొడుగయ్యాయి, ఉలుకూ పలుకూ లేకుండా నిలబడేవాళ్లు తగ్గారు, ఎప్పుడూ మాట్లాడనివాళ్లు కూడా గొంతు విప్పారు. ఇన్‌సర్వీస్ ట్రైనింగ్‌లో ఈ సంగతి విన్న రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకో చెబుతాను, ఇప్పటిదాకా నీకు చెప్పలేదు.

నువ్వు పుట్టకముందు మాట. నేను 1996లో లెక్కల టీచరుగా చేరాను, అప్పుడు నాకు ఎనిమిదో తరగతే ఇచ్చారు. చివరి బెంచీలో సన్నగా ఒక పిల్లాడు కూర్చునేవాడు, తండ్రి మిర్చి యార్డులో హమాలీ. ఒకరోజు బోర్డు మీద 7(x+3) వేసి బ్రాకెట్టు తీసెయ్యమని వాణ్ణి లేపాను. నిలబడ్డాడు, బోర్డు వైపే చూస్తున్నాడు. నేను ఆగలేదు. "విభాగ న్యాయం నిన్ననే కదరా చెప్పింది" అని చేతిలో స్కేలుతో రెండు దెబ్బలు వేసి పక్కవాణ్ణి అడిగాను. వాడు టక్కున చెప్పాడు, పాఠం ముందుకు పోయింది. అట్లా ఆ ఒక్కరోజే కాదు, ఆ ఏడాదంతా అదే జరిగింది. సంక్రాంతి సెలవుల తర్వాత వాడు బడికి రాలేదు, నేనూ వాళ్లింటికి వెళ్లి అడగలేదు.

ఆరేడేళ్ల తర్వాత ఎండాకాలం ముందు, ఏడాది కారానికి కాయలు తీసుకుందామని నాన్నతో కలిసి యార్డు వైపు వెళ్లాను. ఆ ఘాటుకి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. ఎదురుగా టిక్కీల, అదే మిర్చి బస్తాల, వరుస మీద కూర్చుని ఒక కుర్రాడు గుమాస్తాకి లెక్క చెబుతున్నాడు. "38 టిక్కీలు, ఒక్కోటి 44 కిలోల లెక్కన వేసుకో. 38 నలభైలు 1,520, 38 నాలుగులు 152, మొత్తం 1,672. అంటే 16 క్వింటాళ్ల 72 కిలోలు." కాగితం లేదు, పెన్ను లేదు. 44ని 40, 4గా విడగొట్టి విడివిడిగా గుణించి కలిపాడు. నేను బోర్డు మీద అడిగింది సరిగ్గా అదే కదమ్మా! వాడికి విభాగ న్యాయం నాకంటే వేగంగా వచ్చు, దానికి ఆ పేరుందని మాత్రం తెలియదు. నన్ను గుర్తుపట్టి దిగొచ్చి "నమస్తే టీచర్" అన్నాడు. బడి ఎందుకు మానేశావని అడిగితే నవ్వి, "నాకు కాసేపటికి తెలిసేది టీచర్, నేను చెప్పేలోపు మీరు పక్కోణ్ణి లేపేవోళ్లు" అన్నాడు. కోపంగా అన్లేదు, మామూలుగానే అన్నాడు. ఇంటికొచ్చాక నేను అన్నం తినలేదు. నాన్ననడుగు, ఆయనకి గుర్తుంటుంది.

2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. నువ్వు కొట్టే మనిషివి కాదని నాకు తెలుసు. కానీ ఒకణ్ణి నిలబెట్టి, వాడు ఆలోచిస్తుండగానే "కూర్చో, నువ్వు చెప్పు" అని పక్కపిల్లని లేపడం ఉంది చూడు, అది స్కేలు దెబ్బ కంటే తక్కువేం కాదు.

అందుకని ఏం చేస్తావంటే, ప్రశ్న అడిగి చాక్‌పీసు బల్ల మీద పెట్టేసి మనసులో ఐదు లెక్కపెట్టు. మొదటి వారం ఆ నిశ్శబ్దం నీకే భరించరానిదిగా ఉంటుంది, నలభైమంది నీ మొహంలోకే చూస్తుంటారు, టెన్షన్ వస్తుంది. అయినా ఆగు. ముందు బెంచీలో ఆ ఇద్దరు చెయ్యెత్తుతారు, వాళ్లని అప్పుడే అడక్కు. ప్రతి క్లాసులో ఆ ఇద్దరుంటారు, వాళ్లతోనే పాఠం నడిచిపోతుంది, బాగా జరిగిందని మనకి అనిపిస్తుంది, మిగతా ముప్ఫై ఎనిమిదిమంది ఏం అనుకుంటున్నారో తెలియనే తెలియదు. నేను దానికి పలకలు పెట్టాను. అవును, ఒకటో తరగతి పలకలే, పెద్దపిల్లలకి. అందరూ జవాబు రాసి "చూపించండి" అనగానే ఒక్కసారి పైకెత్తాలి. అరనిమిషంలో క్లాసంతా నీ కళ్లకి కనబడుతుంది. తప్పు రాసినవాడు తడిగుడ్డతో తుడిచేసుకుంటాడు, ఎర్రసిరా మరక ఉండదు, సిగ్గూ ఉండదు.

ఇక ఆ పలకల మీద తప్పులు చూసి బెంగపెట్టుకోకు. నాకైతే సరైన జవాబు కంటే తప్పు జవాబు దగ్గరే ఎక్కువ పని ఉంటుంది. నీ క్లాసులో కూడా సగంమంది (a+b)² అంటే a²+b² అని రాస్తారు, ఎన్నిసార్లు సూత్రం బట్టీ పట్టించినా పరీక్షలో మళ్లీ అదే రాస్తారు. తప్పు అనేసి సూత్రం రాసెయ్యకు. "సరే, a అంటే 3, b అంటే 4 అనుకుందాం, రెండువైపులా చెయ్యండి" అను. ఒకవైపు 49, ఇంకోవైపు 25. అక్కడ ఆగు. వాళ్లే గొడవ పడతారు, లెక్క తప్పు చేశామని మళ్లీ చేస్తారు, 24 ఎటు పోయిందని ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుంటారు. అప్పుడు వరండాలోకి తీసుకెళ్లు. ముగ్గుపిండితో అడ్డం 7, నిలువు 7 గళ్లు గియ్యమను, ఆడపిల్లలు రెండు నిమిషాల్లో గీసేస్తారు. పైన ఒక మూల అడ్డం 3, నిలువు 3 గళ్ల చదరం పసుపుతో నింపమను, దానికి ఎదురుమూల అడ్డం 4, నిలువు 4 గళ్ల చదరం కుంకుమతో. రంగులేని గళ్లు రెండు చోట్ల మిగులుతాయి, ఒక్కోటి 12. మా బళ్లో ఏడాది మొత్తం మాట్లాడని ఒక అమ్మాయి, మోకాళ్ల మీద కూర్చుని వేలితో ఆ గళ్లు ఒక్కోటి తాకి లెక్కపెట్టి, తలెత్తి, "టీచర్, ఈ రెండిటినీ మనం వదిలేశాం" అంది. సూత్రంలోని 2ab అంటే అదేనని నేను చెప్పనక్కర్లేకపోయింది. ఆ పిల్ల పేరు, ఆ గొంతు, కుంకుమ అంటిన ఆ వేలు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి.

ఇంకోటి, పీరియడ్ మొదలవగానే కొత్త పాఠంలోకి దిగకు. నిన్నటిదొక ప్రశ్న, పోయిన వారానిదొక ప్రశ్న, పుస్తకం తియ్యకుండా పలక మీద చేయించు. విన్నది ఎంత తొందరగా జారిపోతుందో 1885లోనే ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన తన మీద తానే పరీక్షలు చేసుకుని రాశాడు. మళ్లీ మళ్లీ గుర్తు చేసుకుంటేనే నిలుస్తుంది. దీనికి మార్కులు వెయ్యకు, రిజిస్టర్లో ఎక్కించకు. మార్కులకి ఎఫ్‌ఏలు, ఎస్‌ఏలు అని బడి పరీక్షలు ఎట్లాగూ ఉన్నాయి.

యాప్‌ల్లో ఫొటోలు ఎక్కించడం, రిపోర్టులు పంపడంతోనే సరిపోతోందని ఏడ్చావు కదా, అది నిజమే, దానికి నా దగ్గర మందు లేదు. పీరియడ్ నడుస్తుండగా మాత్రం ఫోన్ తియ్యకు.

సంక్రాంతి దాటాక మీ పల్నాడులో మిరపకోతలు మొదలవుతాయి, తల్లులతో పాటు పిల్లలూ చేలోకి పోతారు, ముఖ్యంగా ఆడపిల్లలు. ఇప్పట్నుంచే పేర్లు చూసుకో. నాలుగు రోజులు రాకపోతే వాళ్లింటికి వెళ్లు, సాయంత్రం వెళ్లు, పగలు ఎవరూ ఉండరు. తిట్టడానికి వచ్చావని అనుకుంటారు కాబట్టి ముందు మంచినీళ్లడుగు, కాసేపు కూర్చో. తిరిగొచ్చిన పిల్లని క్లాసులో అందరిముందూ "ఇన్నాళ్లూ ఎక్కడికెళ్లావ్" అనకు. దాన్ని కూలి లెక్కలడుగు, దానికి వచ్చిన లెక్కతో మొదలుపెట్టు. నేను ఆ పిల్లాడింటికి వెళ్లలేదు, నువ్వు వెళ్లు.

పలకలు 45 తీసుకున్నాను, బలపాల డబ్బాలు ఐదు, తుడవడానికి నాన్న పాత పంచె చింపి గుడ్డముక్కలు చేశారు. ఆయన రేపు పొద్దున ఆర్టీసీ కార్గోలో వేస్తానంటున్నారు, మాచర్ల బస్టాండులో తీసుకో. అట్టపెట్టెలో కింద గోంగూర పచ్చడి సీసా ఉంది, తలకిందులు చెయ్యకు. బుధవారం ఫోన్ చెయ్యి, ఐదు లెక్కపెట్టేలోపు ఎవరు నోరు విప్పారో పేర్లతో సహా చెప్పాలి.

అమ్మ