మీటర్ బోర్డుకి ఎల్‌ఈడీలు వేయించుకున్నవారు ఒకసారి బండి తీసుకురండి

నిరుటి దసరా నుంచి ఈ వేసవి దాకా మన విజయవాడ ఆటోనగర్ షాపులో కారు మీటర్ బోర్డుకో (స్టీరింగ్ వెనక స్పీడు చూపించే బోర్డు), ఏసీ ప్యానెల్‌కో ఎల్‌ఈడీ బల్బులు వేయించుకున్న అన్నలకూ అక్కలకూ ఒక మాట చెప్పాలి. ఆ పనిలో రెండు తప్పులు జరిగాయి. రెండూ నావే. సరిచేయడానికి మీ దగ్గర రూపాయి తీసుకోను.

మొదటిది పెద్దది. పాత మోడల్ కారున్న ఒక టీచరుగారు రాత్రిపూట స్పీడు అంకెలు కనపడటం లేదని వచ్చారు. రెండు బల్బులు మారిస్తే సరిపోయేది. ఎలాగూ బోర్డు విప్పాం కదా, అన్నీ ఎల్‌ఈడీలు వేసేద్దాం మేడమ్ అన్నది నేనే. నాలుగు రోజులు ఇంటికీ స్కూలుకీ తిరిగారు. అయిదో రోజు సాయంత్రం వానలో, బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో బండి ఆగిపోయింది. అప్పటిదాకా హెడ్‌లైట్లు, వైపర్లు, ఏసీ అన్నీ నడుస్తూనే ఉన్నాయి. సెల్ఫ్ కొడితే టిక్కుమని శబ్దం తప్ప ఏమీ లేదు. వెనక సీట్లో చిన్నపిల్లాడు. నేను వెళ్లి చూస్తే ఇంజిన్ తిరుగుతుంటే బ్యాటరీని చార్జి చేసే డైనమో బాగుంది, బెల్టు బాగుంది, బ్యాటరీ మాత్రం పూర్తిగా దిగిపోయింది.

కారణం నేను మార్చిన బల్బే. పాత బండ్లలో ఎర్ర బ్యాటరీ గుర్తు వెనక ఉండే బల్బు హెచ్చరిక కోసమే కాదు. తాళం తిప్పగానే ఆ బల్బు గుండానే డైనమో లోపలి కాయిల్‌కి కరెంటు చేరుతుంది. ఆ కాస్త కరెంటుతో కాయిల్ అయస్కాంతమై చార్జింగ్ మొదలవుతుంది. 1.2 వాట్ల ఫిలమెంట్ బల్బు గుండా 100 మిల్లీ ఆంపియర్లు వెళ్తే, చిన్న ఎల్‌ఈడీ గుండా పదో ఇరవయ్యో వెళ్తాయి. పైగా ఆ బండిలో ఎల్‌ఈడీని తిరగేసి పెట్టాం. ఎల్‌ఈడీలో కరెంటు ఒకవైపే పోతుంది. అందుకే డైనమో మేలుకోలేదు, మేలుకోలేదని చెప్పాల్సిన ఎర్ర లైటూ వెలగలేదు.

షాపులో చూసుకోలేదా అంటే, చూశాను. రేస్ ఇచ్చి మల్టీమీటరు పెడితే 14 వోల్టులు చూపించింది. గట్టిగా రేస్ ఇస్తే డైనమో ఇనుములో మిగిలిన కొద్దిపాటి అయస్కాంత శక్తితోనే చార్జింగ్ అందుకుంటుంది. ఊళ్లో నెమ్మదిగా నడిపేవారికి ఆ రేస్ ఎక్కడ వస్తుంది? తాళం తిప్పినప్పుడు ఎర్ర లైటు వెలిగిందా లేదా అని ఒక్క చూపు చూసి ఉంటే ఆ సాయంత్రం ఆవిడ వానలో నిలబడేవారు కాదు. ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నవాడిని, ఆ చూపు నేను చూసి ఉండాల్సింది.

ఇకనుంచి బ్యాటరీ గుర్తు వెనక ఫిలమెంట్ బల్బే ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజిన్ గుర్తుల జోలికీ వెళ్లం. కొన్ని బండ్లలో కంప్యూటరు ఆ బల్బుల్ని తనిఖీ చేస్తుంటుంది. ఎడమకీ కుడికీ కలిపి ఇండికేటర్ గుర్తు ఒక్కటే ఉన్న పాత బండ్లలో అదీ మార్చం. అక్కడ కరెంటు ఎడమకి ఒక దిక్కున, కుడికి ఇంకో దిక్కున పోతుంది కాబట్టి ఎల్‌ఈడీ ఒకవైపుకే వెలుగుతుంది.

రెండో తప్పు చౌక సరుకు. దసరా రద్దీలో ఒక డీలరు దగ్గర డబ్బాలకొద్దీ కొన్నాను. వాటిలో మూడు ఎల్‌ఈడీలు వరసగా, కరెంటుని తగ్గించే ఒక రెసిస్టర్ అంతే. మూడూ కలిసి సుమారు 9.6 వోల్టులు తీసుకుంటాయి. 12 వోల్టుల మీద రెసిస్టర్‌కి మిగిలేది 2.4. కానీ బండి స్టార్టయ్యాక వచ్చేది 12 కాదు, 14.4 దాకా ఉంటుంది. అప్పుడు రెసిస్టర్ మీద 4.8 పడుతుంది, అంటే కరెంటు దాదాపు రెట్టింపు. ఏసీ ప్యానెల్ వెనక గాలాడని ఇరుకులో అవి వేడెక్కి మిణుకుమంటున్నాయి, కొన్ని మాడిపోయాయి. ఇప్పుడు కరెంటుని అదుపులో పెట్టే చిన్న ఐసీ ఉన్నవే తెప్పిస్తున్నాను. ఒక్కోటి మూడు రెట్ల ధర. ఏసీ ప్యానెల్ విప్పి బిగించడానికే గంట పడుతుంది. అంత చేసి పెట్టిన బల్బు ఆర్నెల్లకే పోతే మీ డబ్బూ నా శ్రమా రెండూ దండగ.

రంగు విషయం. నీలం అడుగుతున్నవారు చాలామంది. రాత్రి హైవే మీద నీలం కళ్లకి గుచ్చుకుంటుంది, నారింజ రంగు ముల్లు దాని కింద మసకగా కనపడుతుంది. నేనైతే తెలుపే వేస్తాను. పాత బల్బు మీద ఆకుపచ్చ రబ్బరు తొడుగు ఉంటే దాన్నే ఎల్‌ఈడీకి తొడుగుతాను, అప్పుడు దాదాపు కంపెనీ నుంచి వచ్చిన రంగే వస్తుంది. వెలుతురు తగ్గించే చక్రం పాత రకందైతే ఎల్‌ఈడీలతో సరిగా పనిచేయకపోవచ్చు. ఆ సంగతి పని మొదలుపెట్టకముందే చెప్తాను. కొత్త కార్లలో బోర్డు మీద ఎల్‌ఈడీలే అతికించి వస్తాయి, వాటికి ఇవేవీ అక్కర్లేదు.

బండి తెచ్చేలోపు ఇంట్లోనే ఒకటి చూసుకోండి. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం తిప్పండి. ఎర్ర బ్యాటరీ గుర్తు వెలగాలి, స్టార్టవ్వగానే ఆరిపోవాలి. వెలగకపోతే దూర ప్రయాణం పెట్టుకోకండి. ఫోన్ చేయండి, మా కుర్రాడే మీ ఇంటికొస్తాడు. మిగతావారు ఆదివారం తప్ప ఏ రోజైనా పొద్దున్నే తెండి, మధ్యాహ్నానికి ఇచ్చేస్తాం. పనికి ముందు బ్యాటరీ వైరు తీస్తాం కాబట్టి మీ స్టీరియో కోడ్ అడిగే రకమైతే ఆ కాగితం వెంట తెచ్చుకోండి.