సన్నని చేతికి సరిపడే వాచీ

చిరంజీవి చిన్నాకు,

అమ్మ దీవెనలు. నీ ఉత్తరం చేరింది. సొంత సంపాదనతో ఒక మంచి వాచీ కొనుక్కోవాలనుకుంటున్నందుకు చాలా సంతోషం. పదికాలాల పాటు పెట్టుకునే వస్తువు, కొనుక్కో. కానీ 42 మిల్లీమీటర్ల వాచీ మీద మనసు పడ్డానని, అంతకంటే చిన్నదైతే ఆడవాళ్ల వాచీలా ఉంటుందని షాపతను అన్నాడని రాశావు చూడు, ఆ మాట నాకు నచ్చలేదు. నీకు వచ్చినవి నా చేతులు. సన్నని మణికట్టు మీద ఏ వాచీ కుదురుగా కూర్చుంటుందో, ఏది రోజంతా జారుతూ విసిగిస్తుందో నాకు అనుభవం. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ షాపతని మాట సంగతి. రోలెక్స్ ఎక్స్‌ప్లోరర్ వచ్చింది 1953లో, ఎవరెస్టు శిఖరాన్ని మనుషులు మొదటిసారి ఎక్కిన ఏడాది. దాని సైజు 36 మిల్లీమీటర్లు. దశాబ్దాల పాటు అదే సైజులో అమ్మారు. 2010లో 39కి పెంచి, 2021లో మళ్లీ 36కే తీసుకొచ్చారు. ట్యూడర్ కంపెనీ 1954లో తెచ్చిన మొదటి డైవింగ్ వాచీ 37. వషెరాన్ కాన్‌స్టాంటిన్ 1977లో చేసిన ‘222’ అనే మోడలు కూడా 37 మిల్లీమీటర్లే. ఇక 1972లో జెరాల్డ్ జెంటా అనే డిజైనరు గీసిన రాయల్ ఓక్‌ను ఆడెమార్ పిగే 39 మిల్లీమీటర్లలో విడుదల చేస్తే, అంత పెద్ద వాచీనా అని దానికి ‘జంబో’ అని పేరు పెట్టారు! కొండలెక్కే మగవాళ్లకూ సముద్రంలో దిగే మగవాళ్లకూ సరిపోయిన సైజు ఆఫీసుకు వెళ్లే నీకు చిన్నదెలా అవుతుంది?

ఆడవాళ్ల వాచీ అన్నా అందులో చిన్నతనం ఏమీ లేదు. రాయల్ ఓక్‌ను 1976లో ఆడవాళ్ల కోసం మళ్లీ గీసింది జాక్లీన్ డిమియే అనే డిజైనరు. ఎనిమిది మూలల అంచు, దాని మీది మరలు, చేతిని చుట్టుకునే చెయిను, అన్నీ ఉంచి 29 మిల్లీమీటర్లకు కుదించింది. సైజు తగ్గినా దాని కళ తగ్గలేదు. కాబట్టి ఏ అరలో పెట్టి అమ్ముతున్నారన్నది పట్టించుకోకు. చేతికి పెట్టి చూపించమని అడుగు.

ఇప్పుడు అసలు విషయం. వాచీ ప్రకటనల్లో పెద్దక్షరాలతో వేసే అంకె కేసు (డయల్‌ను పట్టి ఉంచే లోహపు డబ్బా) అడ్డుకొలత. సన్నని చేతికి దానికంటే ముఖ్యమైనది నిలువుకొలత. చెయిను తగిలించడానికి కేసుకు పైన రెండు, కింద రెండు కొమ్ములుంటాయి, లగ్గులంటారు. పై కొమ్ము కొన నుంచి కింది కొమ్ము కొన దాకా ఎంత ఉందో అదే నిలువుకొలత. అది నీ మణికట్టు పైభాగం దాటి బయటికి వచ్చిందంటే, ఎంత ఖరీదైన వాచీ అయినా అరువు తెచ్చుకున్నట్టే కనిపిస్తుంది.

నీ మణికట్టు చుట్టుకొలత 16 సెంటీమీటర్లని రాశావు. చెయినులోంచి ఎన్ని లింకులు తీయాలో తెలియడానికి అది పనికొస్తుంది, అంతే. ఒకే చుట్టుకొలత ఉన్న ఇద్దరిలో ఒకరి మణికట్టు గుండ్రంగా, ఇంకొకరిది చదునుగా ఉండవచ్చు. చెయ్యి బల్ల మీద బోర్లా ఉంచు. మణికట్టు ఎముక పొడుచుకొచ్చిన చోటికి కాస్త పైన, మోచేతి వైపు, స్కేలు అడ్డంగా ఆనించు. చర్మం స్కేలును వదిలి కిందికి వంగడం మొదలయ్యే చోట అటొక చుక్క, ఇటొక చుక్క పెన్నుతో పెట్టు. ఆ రెండు చుక్కల మధ్య దూరమే నీకున్న జాగా. తర్వాత నువ్వు చూస్తున్న వాచీ నిలువుకొలతకు సరిగ్గా ఒక అట్టముక్క కత్తిరించి ఆ చుక్కల మీద పెట్టి చూడు. అట్టముక్క చుక్కలు దాటకూడదు. రెండు పక్కలా రెండేసి మిల్లీమీటర్లు మిగిలితే ఇంకా మంచిది.

ఇలా చూస్తే కొన్ని లెక్కలు తారుమారవుతాయి. ఒమేగా స్పీడ్‌మాస్టర్ 42 మిల్లీమీటర్లే అయినా దాని కొమ్ములు కిందికి తిరిగి ఉంటాయి కాబట్టి అనుకున్నంత పెద్దగా అనిపించదు. నిలువుగా చూస్తే మాత్రం 48 దాకా వస్తుంది, నీకది ఎక్కువే. కార్టియే శాంటోస్ మీడియం అడ్డం 35.1, నిలువు 41.9. అంకె చూస్తే చిన్నది, కానీ చదరంగా ఉంటుంది కాబట్టి చేతి మీద నిండుగా కనిపిస్తుంది. విమానం నడిపే శాంటోస్ డ్యూమాంట్ కోసం 1904లో పుట్టిన వాచీ అది. అందులో లార్జ్ సైజు జోలికి వెళ్లకు, అది నిలువు 47.5.

మందం గురించీ ఒక మాట. స్టాప్‌వాచ్ ఉన్న ఆటోమేటిక్ వాచీలు చాలావరకు 14, 15 మిల్లీమీటర్ల మందం ఉంటాయి. సన్నని చేతి మీద అలాంటిది పైబరువుతో పక్కకు ఒరిగిపోతుంది, చొక్కా చేతి అంచుకు తగులుతుంది. నువ్వు స్టాప్‌వాచ్ వాడవని నాకు తెలుసు, ఆ బరువు మోయడం దేనికి? 12 దాటనివి చూడు. రంగు కూడా కొంత మాయ చేస్తుంది. తెల్ల డయల్ పెద్దగా కనిపిస్తుంది, చుట్టూ వెడల్పాటి నల్ల అంచు ఉన్న డైవింగ్ వాచీ ఉన్నదానికంటే చిన్నగా కనిపిస్తుంది.

కేసులోంచే చెయిను సాగినట్టుండే రాయల్ ఓక్, పటేక్ ఫిలిప్ వాళ్ల నాటిలస్ రకం వాచీల దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. వాటికి విడిగా కొమ్ములుండవు, మొదటి లింకే కొమ్ము పని చేస్తుంది. కొన్నింటిలో ఆ లింకు కేసు అంచు నుంచే కిందికి వాలుతుంది. కొన్నింటిలో బిగుసుకుని అడ్డంగా పొడుచుకొస్తుంది. వాచీని డయల్ పైకి ఉండేలా వేళ్లతో పట్టుకుని రెండు వైపులా చెయిను వదిలెయ్యి. మొదటి లింకు అక్కడికక్కడే వాలిందా, కాస్త దూరం వెళ్లి వాలిందా గమనించు. దూరం వెళ్లిందంటే ఆ దూరాన్ని కూడా నిలువుకొలతలో కలుపుకోవాల్సిందే. ఈ రకమే కావాలంటే ఐడబ్ల్యూసీ 2025లో తెచ్చిన 35 మిల్లీమీటర్ల ఇంజెనియర్ చూడు, రాయల్ ఓక్‌లో 37 మిల్లీమీటర్లది చూడు.

నన్నడిగితే ముందు ఎక్స్‌ప్లోరర్ 36, తర్వాత ట్యూడర్ 2023లో తెచ్చిన బ్లాక్ బే 54 పెట్టుకుని చూడమంటాను. రెండోది పాత 1954 వాచీ సైజులోనే, 37 మిల్లీమీటర్లలో చేశారు. 200 మీటర్ల లోతు దాకా నీటిని ఆపుతుంది. నువ్వు ఈతకు వెళ్తావు కాబట్టి నా ఓటు దానికే. రేపు ధర పెరుగుతుంది, అమ్ముకోవచ్చు అని ఎవరైనా చెబితే వినకు. నువ్వు కొంటున్నది పెట్టుకోవడానికి.

షాపులో చేతికి పెట్టుకోగానే ఫోనుతో ఫొటో తీసి నిర్ణయించవద్దు. ఫోను కెమెరా దగ్గరి వస్తువును ఉబ్బించి చూపిస్తుంది, బాగా సరిపోయే వాచీ కూడా చేతిని మింగేసినట్టు కనిపిస్తుంది. నిలువుటద్దం ముందు నిలబడి, చెయ్యి మామూలుగా వేలాడేసి చూడు. ఎదుటివాళ్లకు అలాగే కనిపిస్తుంది. మణికట్టును పైకి వంచి కూడా చూడు. కీ అరచేతి వెనక గుచ్చుకుంటే అది వద్దు.

కొన్నాక లింకులు తీయించేటప్పుడు పక్కనే కూర్చో. సన్నని చేతికి ఎక్కువ లింకులు తీయాలి. అన్నీ ఒకే వైపు తీసేస్తే లాక్ మణికట్టు కింద మధ్యలో ఉండక ఒక పక్కకు పోయి, వాచీ రోజంతా పక్కకు లాగుతుంది. లాక్ పొడవూ చూసుకో, మరీ పొడవైతే మణికట్టు వంపుకు ఆనక కింద సందు మిగులుతుంది. వేసవిలో చెయ్యి కొంచెం ఉబ్బుతుంది, కాబట్టి పనిముట్లు లేకుండా లాక్ దగ్గరే కాస్త వదులు చేసుకునే వీలున్నదైతే మేలు. బ్లాక్ బే 54లో 8 మిల్లీమీటర్లు, ఎక్స్‌ప్లోరర్‌లో 5 మిల్లీమీటర్లు అలా సర్దుకోవచ్చు.

చుక్కలు పెట్టి కొలిచాక ఎంత వచ్చిందో రాయి. బ్లాక్ బే నిలువుకొలత 46 కాబట్టి, అంతకంటే కాస్త తక్కువ వస్తే దాని సంగతి మళ్లీ ఆలోచించాలి, ఎక్స్‌ప్లోరర్‌కు మాత్రం ఢోకా ఉండదు.

ప్రేమతో,
అమ్మ