ధ్యానం ఎక్కడిదో సరిగ్గా చెప్పండి

ఆఫీసుల్లో, కాలేజీల్లో జరిగే ‘మైండ్‌ఫుల్‌నెస్’ (ఈ క్షణం మీద మనసు నిలిపే ధ్యానం) క్లాసుల్లో ధ్యానం పుట్టుక గురించి తప్పుడు మాటలు చెబుతున్నారు. ఈ మధ్య నేను హాజరైన ఒక శిక్షణలో దీన్ని 1979లో అమెరికాలో కనిపెట్టారన్నారు. ఆ ఏడాది అక్కడ జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టింది రోగుల టెన్షన్ తగ్గించే కార్యక్రమం మాత్రమే. శ్వాసను గమనించే సాధన అంతకు ఎన్నో శతాబ్దాల ముందే పాళీ భాషలోని ఆనాపానసతి, సతిపట్ఠాన సుత్తాల్లో, అంటే బుద్ధుడి ఉపదేశాల్లో, వివరంగా ఉంది. అలాగని అంతా బుద్ధుడితోనే మొదలైందనడం కూడా సరికాదు. ఆలార కాలాముడు, ఉద్దక రామపుత్రుడు అనే ఇద్దరు గురువుల దగ్గర ఆయన ధ్యానం నేర్చుకున్నాడని, అది చాలదని వాళ్లను వదిలి వెళ్లాడని అరియపరియేసన సుత్తమే చెబుతుంది. తన గురువుల పేర్లు దాచుకోని సంప్రదాయం అది. దాని పేరునే మనం దాచేయడం నాకు చాలా బాధగా ఉంది. ఇప్పటి విపస్సన అనే బౌద్ధ ధ్యాన శిబిరాలకైతే బర్మా నేపథ్యం ఉంది. అక్కడ నేర్చుకున్న విపస్సన గురువు గోయెంకా 1969లో భారత్ వచ్చి నేర్పడం మొదలుపెట్టారు. శిక్షణ ఇచ్చేవాళ్లు ఈ చరిత్రను తెలుగులో ఒక పేజీగా అచ్చేసి క్లాసుకు ముందే పంచాలి. విశాఖ దగ్గరి బౌద్ధ క్షేత్రాలైన తొట్లకొండ, బావికొండల్లో భిక్షువులు నివసించిన గదుల దగ్గర ఈ సుత్తాల పరిచయంతో తెలుగు బోర్డులు పెట్టే పని పురావస్తు శాఖ చేపట్టాలి.

– ఒక పాఠకురాలు, విశాఖపట్నం