వార్షిక నివేదిక: ఈ ఏడాది మనం చేసిన పని

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం పనిలో ఎక్కువ భాగం పెద్దవాళ్ల వెంట లైన్లలో నిలబడటమే. మీసేవ దగ్గర, పోస్టాఫీసు దగ్గర, ఎమ్మార్వో ఆఫీసు దగ్గర. దుప్పట్ల పంపిణీ, కంటి శిబిరం కూడా జరిగాయి. వాటి ఫోటోలు మీరంతా వాట్సాప్‌లో చూశారు, మళ్లీ రాయడం లేదు.

మన నిజామాబాద్ వైపు ఎంతోమంది ఆడవాళ్లు బీడీలు చుట్టి సంసారాలు ఈదారు. ఏళ్ల తరబడి తునికాకు కత్తిరించి, చుట్టి, దారం కట్టి వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. 2,016 రూపాయల ఆసరా పింఛను కోసం పోతే మిషన్ వేలిముద్ర తీసుకోదు. ఒక అవ్వ వెంట మన కార్యకర్త మూడు నెలలు తిరిగింది. చేతులు సబ్బుతో కడిగించింది, కొబ్బరినూనె రాయించింది, బొటనవేలు కాదంటే చిటికెనవేలు పెట్టించింది. చివరికి ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు, కనుపాపలు మళ్లీ తీయిస్తే పని అయింది. డబ్బు చేతికొచ్చిన రోజు అవ్వ అందులోంచి వంద తీసి, "ఆటో కిరాయి నువ్వే పెట్టుకున్నవ్ గద బిడ్డా" అంది. కార్యకర్త తీసుకోలేదు. ఆ కిరాయి ఏ పద్దు కింద రాయాలో మాత్రం కోశాధికారికి ఇంకా తేలలేదు.

2013 కంపెనీల చట్టం కింద పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి కదా, ఒకచోట దరఖాస్తు పెట్టాం. ఫారంలో 'లబ్ధిదారుల సంఖ్య' అని ఒక గడి. మూడు నెలలకు ఒక అవ్వ అని రాస్తే ఎవరిస్తారు? స్కూలు బ్యాగులకు ఇస్తామన్నారు, జీతాలకు కుదరదన్నారు. మన ఇద్దరు కార్యకర్తల్లో ఒకరు మానేసి సూపర్‌మార్కెట్‌లో చేరింది. అక్కడ ఒకటో తారీఖునే జీతం పడుతుంది, తప్పుపట్టలేం.

తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీవో దగ్గర ఒక పెద్దాయనతో అర్జీ పెట్టించాం. విచారణ రోజు పొద్దున్నే, కొడుకు మీద కేసు వద్దని వెనక్కి తీసుకున్నాడు. ఆరోజు మాకు కోపం వచ్చిన మాట నిజం. ఇప్పుడు నెలకోసారి వెళ్లి చూసి వస్తున్నాం. పోయినసారి కోడలు చాయ్ ఇచ్చింది.

పింఛన్లు పంచే రోజుల్లో పోస్టాఫీసు దగ్గర ఉండటానికి ఇద్దరు సభ్యులు కావాలి. తొమ్మిదికల్లా రావాలి. ఆలస్యమైతే సర్వర్ డౌన్ అంటారు.

కార్యదర్శి